మందుల డబ్బు

కొత్త సబ్బు తెచ్చిన రోజున దాన్ని దారంతో మూడు ముక్కలుగా కోయడం ఆమెకు అలవాటు. కత్తితో కోస్తే పొడి రాలుతుంది, ఆ పొడి వృథా. దారం రెండు కొసలూ చూపుడువేళ్ళకు చుట్టుకుని సబ్బు మీద పెట్టి నొక్కితే నెమ్మదిగా దిగుతుంది, అంచు నున్నగా వస్తుంది. ఒక ముక్క స్నానాల గదికి, మిగతా రెండూ బీరువా పై అరలోకి. మొత్తం సబ్బు ఒకేసారి బయట పెడితే నీళ్ళలో నాని పదిహేను రోజులకే అయిపోతుంది. ఇలాగైతే నెల దాటుతుంది. ఆ ఆదివారం పొద్దున ఆమె వంటింటి గట్టు మీద ఆ పనిలో ఉండగా భర్త నోట్లో బ్రష్షు పెట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాడు.

"మా ఆర్థికమంత్రిగారు సబ్బుకి కూడా బడ్జెట్ వేస్తున్నారు," అన్నాడు, పక్క గదిలో మంచం మీదున్న తల్లికి వినబడేలా.

అత్తగారు నవ్వలేదు. "సబ్బు ఒక్కటేనా? నా ప్రాణానికి కూడా లెక్క కట్టి పెట్టింది," అంది.

ఆమె దారాన్ని కడిగి మేకుకు తగిలించింది. ఇలాంటి మాటలు ఆమెకు కొత్త కాదు. రెండేళ్ళుగా అత్తగారు వాటిని తిప్పి తిప్పి అంటూనే ఉంది. తిండి దగ్గర మొదలెట్టినా, ఫ్యాను దగ్గర మొదలెట్టినా చివరికి తన ప్రాణం దగ్గరికే వచ్చి ఆగేది. మొదట్లో ఆమెకు దుఃఖం వచ్చేది. తర్వాత, పెద్దవాళ్ళకు చేతినిండా పని లేకపోతే నోటినిండా మాటలుంటాయని సర్దిచెప్పుకుంది. అప్పు తీరితే అన్నీ సర్దుకుంటాయనుకుంది. అప్పు తీరాక చేద్దామని ఆమె వాయిదా వేసిన పనుల్లో అత్తగారి చేత ఒక మంచి మాట అనిపించుకోవడం కూడా ఒకటి.

అప్పు ఆమె చేసింది కాదు. నాలుగేళ్ళ కిందట భర్త ఒక స్నేహితుడితో కలిసి మంచినీళ్ళ ఫిల్టర్ల ఏజెన్సీ తీసుకున్నాడు. ఇంటికొకటి అమ్మినా ఊళ్ళో ఎన్ని ఇళ్ళున్నాయో చూడు అంటూ వేళ్ళ మీద లెక్క చెప్పాడు. ఏడాది తిరిగేసరికి ఫిల్టర్ల కంపెనీ మూతబడింది, స్నేహితుడు ఫోను ఎత్తడం మానేశాడు. మిగిలినవి నలభైమూడు అట్టపెట్టెలూ, సహకార సంఘంలో తీసుకున్న అప్పూ. అప్పు కాగితాల చివరి పేజీలో ఆమె చేత కూడా సంతకం పెట్టించారు. ఊరికే, మామూలుగా అడుగుతారు అన్నాడు భర్త. అమ్ముడుపోని ఆ పెట్టెలు ఇప్పుడు ఆ రెండు గదుల ఇంట్లో మంచాల కింద, బీరువా పక్కన, గుమ్మం వెనక ఉన్నాయి. తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు రెండు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టి, పైన చెక్కపలక పరిచి దాని మీద రాసుకుంటుంది.

వ్యాపారం పోయాక భర్త ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షోరూములో చేరాడు. కొద్దిపాటి జీతం, అమ్మినదాని మీద కమీషను. ఆ కమీషను ఎంతో ఏ నెలా సరిగ్గా తేలదు. ఆమె అంతకుముందు నుంచే కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో పనిచేస్తోంది. ముందు హాల్లో జనం అద్దాల ముందు నిలబడి ఫ్రేములు పెట్టుకుని చూసుకుంటారు. వెనక గదిలో ఆమె, తిరిగే రాయి మీద నీళ్ళు కారుతుండగా, గుండ్రటి గాజుబిళ్ళను ఆ ఫ్రేము ఆకారానికి అరగదీస్తుంది. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం జారిపోతుంది, తక్కువైతే ఫ్రేము చిట్లుతుంది. అద్దం ఇసుమంత పక్కకు తిరిగినా పెట్టుకున్నవాళ్ళకు తలనొప్పి వస్తుంది. పదకొండేళ్ళలో ఆమె చేతి మీదుగా వెళ్ళిన జోడు తిరిగి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. ఆమె దగ్గర పని నేర్చుకున్న మనిషికి కిందటేడు యజమాని ఆమెకన్నా ఎక్కువ జీతం ఇచ్చాడు. అడిగితే, "అతను ఇల్లు నడపాలమ్మా. నీకేం, నీ వెనక భర్త ఉన్నాడు," అన్నాడు. ఆమె మళ్ళీ రాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఆ నెల నుంచి రోజూ సాయంత్రం రెండు గంటలు అదనంగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. అలా వచ్చినదంతా కలిపితే ఆమె సంపాదన భర్త సంపాదన కన్నా ఎక్కువ. ఇంట్లో అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని సంగతి అది.

జీతం రాగానే వాయిదా కట్టేది ఆమే. మిగిలినదాంట్లో ఇల్లు నడవాలి. నడిపింది. గ్యాసు బండ మీద తేదీ రాసి అది ఎన్నాళ్ళు వచ్చిందో చూసుకునేది. టీపొడి రెండోసారి మరిగించేది, ఆ రెండో టీ తను తాగేది. కూతురి యూనిఫాం మడత విప్పి పొడుగు చేసింది, విప్పడానికి మడత మిగలనప్పుడు కింద వేరే గుడ్డ పట్టీ వేసింది. బస్సెక్కడం మానేసి నడిచింది. కిందటేడు దవడపన్ను సలిపితే దంతవైద్యురాలు రెండు దారులు చెప్పింది. వేరు శుభ్రం చేసి తొడుగు వెయ్యొచ్చు, లేదా పీకెయ్యొచ్చు. ఆమె రెండింటి ఖరీదూ అడిగి, పీకెయ్యమంది. మర్నాడు బుగ్గ వాచిన మొహంతోనే రాయి ముందు కూర్చుంది. ఇప్పటికీ ఆ వైపు నమలలేదు.

ఇంత జరుగుతున్నా ఇంట్లో పిసినారి అన్న పేరు ఆమెకే మిగిలింది. శనివారం సాయంత్రాలు భర్త కూతురికి క్రీము కేకు ముక్క తెచ్చేవాడు. ఒకసారి ఇరవైనాలుగు రంగుల పెన్సిళ్ళ డబ్బా తెచ్చాడు. స్నేహితులు వీధి చివర కలిస్తే టీలు తనే తాగించేవాడు. ఇవన్నీ ఎక్కడివని ఆమె అడిగితే కమీషను వచ్చిందనేవాడు, తన జేబు కూడా తడిమి చూస్తావా అనేవాడు. కూతురు వేలికంటిన క్రీము నాక్కుంటూ, "నాన్న ఎప్పుడూ లేదనడు. నువ్వే ఏదడిగినా లేదంటావు," అంది ఒకరోజు. పిల్ల తిట్టాలని అనలేదు, చూసింది చెప్పింది. అందుకే ఆ మాట ఆమెకు పనిలో కూడా చాలా రోజులు గుర్తొచ్చేది.

ఇంటి ఖర్చుల్లో భర్త చేతి మీదుగా జరిగేది ఒక్కటే, తల్లి రక్తపోటు మాత్రలు. మందుల షాపు అతని షోరూము పక్కనే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, నెలకు ముప్ఫై మాత్రల స్ట్రిప్పులు రెండు. ఒకటో తారీఖున ఆమె వంటింట్లో నిలబడి ఆ డబ్బు విడిగా అతని చేతిలో పెట్టి, "రెండు స్ట్రిప్పులు, మర్చిపోకండి," అనేది. ఎంత కటకటగా ఉన్న నెలైనా ఆ డబ్బు జోలికి ఆమె పోలేదు. తెచ్చిన మాత్రలు అత్తగారు రేకుడబ్బాలో వేసి దిండు పక్కన పెట్టుకునేది. ఒకసారి ఇల్లు సర్దుతూ ఆ డబ్బా జరపబోతే, "దాన్ని ముట్టుకోకు, ఇంకా ఏం తగ్గిద్దామని?" అంది అత్తగారు. అదేం మాటో ఆమెకు అర్థం కాలేదు. ఆ డబ్బా జోలికి మళ్ళీ వెళ్ళలేదు.

సబ్బు కోసిన ఆదివారం తర్వాత నాలుగు రోజులకు, గురువారం పొద్దున, అత్తగారు స్నానాల గదిలో పడిపోయింది. చెంబు దొర్లిన చప్పుడు విని ఆమె పరుగెత్తుకెళ్ళేసరికి గోడకు ఒరిగి కూర్చుని ఉంది. మూతి ఒక పక్కకు జారింది, ఎడమ చెయ్యి తనది కానట్టు ఒళ్ళో పడి ఉంది. ఆమె తడిచీరతోనే ఉన్న అత్తగారిని రెండు చేతులా ఎత్తుకుని గుమ్మం దాకా తెచ్చింది. అంత బరువు ఎలా ఎత్తిందో తర్వాత ఆమెకే తెలియలేదు. భర్త ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు. దారి పొడుగునా అత్తగారు కుడిచేత్తో పట్టుకున్నది ఆమె చీరకొంగునే.

ఆస్పత్రిలో డాక్టరమ్మ కాగితాలు చూసి, రక్తపోటు ఇంత పెరిగేదాకా ఏం చేస్తున్నారని అడిగింది. మాత్రలు వేసుకుంటున్నారా అంది. వేసుకుంటున్నారని ఆమె, ఆ సంగతి మా ఆవిడే చూసుకుంటుందని భర్త, ఇద్దరూ ఒకేసారి అన్నారు. డాక్టరమ్మ ఇద్దరినీ ఒకసారి చూసి, వేసుకోవలసినన్ని వేసుకోవడం లేదని మాత్రం గట్టిగా చెప్పగలను అంది. ప్రాణానికి భయం లేదు, ఎడమ వైపు బలం రావడానికి నెలలు పడుతుంది, మంచం మీదే అన్నీ చెయ్యాలి, మనిషి పక్కన ఉండాలి అని చెప్పి వెళ్ళిపోయింది. భర్త ఆమెవైపు తిరిగి, "ఇంట్లో ప్రతి గింజా లెక్కపెడతావు. అమ్మ మాత్రలు లెక్కపెట్టలేకపోయావా?" అన్నాడు. వార్డులో పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పి చూశారు.

సాయంత్రానికి ఆడపడుచు వచ్చింది. భర్తకు అక్క, మూడు గంటల ప్రయాణం దూరంలో ఉంటుంది, నెలకోసారి తల్లితో ఫోనులో మాట్లాడుతుంది. వచ్చీ రాగానే తల్లి తల నిమిరి ఏడ్చింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని ఆమెను వరండాలోకి పిలిచింది.

"నీకు అప్పులున్నాయి, కష్టాలున్నాయి, కాదనను. కానీ ముసలావిడ మాత్రల్లో కోత పెట్టడానికి నీకు మనసెలా వచ్చిందమ్మా?"

ఆమె అర్థం కాక చూసింది. "కోతేమిటి వదినా?"

"అమ్మ నాకు ఎప్పుడో చెప్పింది. రెండు స్ట్రిప్పులకి బదులు ఒక్కదానికే డబ్బిస్తున్నావట. రోజుకు ఒక్కటే వేసుకోమన్నావట. నిన్ను అడిగితే ఇంట్లో గొడవవుతుంది, వద్దులే అని తమ్ముడే అమ్మకి సర్దిచెప్పాడట. నేనూ ఆ మాట మీదే ఊరుకున్నాను. ఊరుకోవడం నా తప్పు."

రెండేళ్ళుగా అత్తగారు అన్న మాటలన్నీ వాటంతటవే వచ్చి ఒక వరసలో నిలబడ్డాయి. నా ప్రాణానికి లెక్క కట్టింది. ఇంకా ఏం తగ్గిద్దామని. వాటిలో ఒక్కటి కూడా ఊరికే అన్న మాట కాదు. ఆడపడుచు ఇంకా ఏదో చెబుతోంది. ఆమె, "ఇప్పుడే వస్తాను," అని మెట్లు దిగింది.

మందుల షాపు ఆస్పత్రికి ఇరవై నిమిషాల నడక. షాపతను ఆమెను ఎరగడు. ఫలానా షోరూములో పనిచేసే ఆయన భార్యనని చెప్పి, వాళ్ళ అమ్మగారి మాత్రలు నెలకు ఎన్ని తీసుకెళ్తారని అడిగింది. అతను గుర్తు తెచ్చుకోవడానికి కూడా ఆగలేదు. "ఒక్క స్ట్రిప్పేనమ్మా. మొదట్లో రెండు తీసుకునేవారు. రెండేళ్ళ నుంచీ ఒక్కటే. చీటీలో రోజుకు రెండని ఉంది కదండీ అంటే డాక్టరు తగ్గించారన్నారు." కాస్త ఆగి, "ఇంకోసారి అడిగితే ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉందన్నారు. మా ఆవిడ చెయ్యి కొంచెం బిగువు అని నవ్వారు," అన్నాడు. అంటూనే, తను మాట్లాడుతున్నది ఎవరితోనో తట్టి, బల్ల మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఆమె తిరిగి నడిచింది. దారిలో ఒక బేకరీ అద్దం వెనక క్రీము కేకు ముక్కలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదాని పక్కన ధర రాసిన చీటీ ఉంది. ఆమె అక్కడ ఆగిపోయింది. ఒక స్ట్రిప్పు ఖరీదుకు ఎన్ని ముక్కలు వస్తాయో తన బుర్ర తనకు తెలియకుండానే లెక్క కట్టేసింది. నాలుగు. నెలకు నాలుగు శనివారాలు. కూతురు వేలు నాకుతూ అన్న మాట మళ్ళీ వినబడింది. ఆమెకు ఏడుపు రాలేదు. పన్ను లేని దవడ వైపు ఎప్పటిలా ఒక చల్లటి నొప్పి పైకి పాకింది. బేకరీలోని మనిషి ఏం కావాలమ్మా అని అడిగితే తల అడ్డంగా ఊపి వచ్చేసింది.

భర్త ఆస్పత్రి వెనక, సైకిళ్ళు పెట్టే చోట నిలబడి ఉన్నాడు. మందుల షాపుకు వెళ్ళొచ్చానని ఆమె చెప్పింది. అతను ముందు కోపం తెచ్చుకున్నాడు, తన వెనక ఆరాలు తీస్తున్నావా అన్నాడు. ఆ కోపం ఎక్కువసేపు నిలబడలేదు.

"ఏం చెయ్యమంటావు? నెలంతా జేబులో పైసా ఉండదు. నలుగురూ టీ తాగుతుంటే ప్రతిసారీ వాళ్ళ చేత ఇప్పించుకోవాలా? పిల్ల ఏదైనా అడిగితే నీ దగ్గరికొచ్చి చెయ్యి చాచాలా? ఒక్కసారి అనుకున్నాను. అమ్మకేం కాలేదు. తర్వాత నెల కూడా ఏం కాలేదు."

"నా పేరెందుకు చెప్పారు?"

అతను చెప్పు కొసతో నేల గీరాడు. "ఏదో ఒకటి చెప్పాలి కదా. నువ్వు తగ్గించావంటే ఎవరైనా నమ్ముతారు."

ఆ మాటలో అబద్ధం లేదు, అదే ఆమెను ఎక్కువ కోసింది. మూడేళ్ళు కడుపు కట్టుకుని ఆమె సంపాదించుకున్న పేరు అది. ఆ పేరునే అతను దొంగతనానికి తాళంచెవిలా వాడుకున్నాడు. టీపొడి రెండోసారి మరిగించిన మనిషి మాత్రలు సగం చెయ్యదా అని ఎవరైనా అనుకుంటారు. షాపతను అనుకున్నాడు, ఆడపడుచు అనుకుంది, అడిగితే కూతురూ అనుకుంటుందేమో. అప్పు తీర్చడానికి ఆమె తన మీద వేసుకున్న ప్రతి కోతా ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం చెబుతోంది. తను నోరు కట్టుకోవడం చూసి ఇంట్లోవాళ్ళకు జాలి కలగలేదు. ఈ మనిషి తీరే అంత అన్న నమ్మకం కలిగింది.

భర్త మాత్రం పెద్ద గండం గడిచినవాడిలా ఊపిరి పీల్చుకున్నాడు. అక్కకు ఈ సంగతి చెప్పొద్దన్నాడు, ఇంత జరిగాక ఇంకా గొడవెందుకన్నాడు. అదే గొంతుతో, "అమ్మకి ఇరవైనాలుగు గంటలూ మనిషి కావాలట. నువ్వు పని మానెయ్యాలి. అప్పు సంగతి సంఘం వాళ్ళతో మాట్లాడి వాయిదాలు చిన్నవి చేయిద్దాం, ఇంకో మూడేళ్ళు పడితే పడుతుంది," అన్నాడు. ఇంకా పద్నాలుగు నెలలే మిగిలి ఉంది. ఆ పద్నాలుగు ఆమెకు కంఠతా వచ్చు.

ఆమె వార్డులోకి వెళ్ళి అత్తగారి మంచం పక్కన కూర్చుంది.

తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఆమే ఉంది. ఆడపడుచు రెండో రోజే పిల్లల పరీక్షలని వెళ్ళిపోయింది. బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఆమె నర్సుల దగ్గర నేర్చుకుంది. కళ్ళజోళ్ళ యజమాని మొదటి మూడు రోజులు ఎలా ఉందమ్మా అని అడిగాడు. ఆరో రోజు, సోమవారానికల్లా రాకపోతే వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు.

శనివారం అత్తగారిని ఇంటికి తెచ్చారు. మాట తిరిగి వచ్చింది గాని నెమ్మదిగా, ఒక్కొక్కటిగా వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం భర్త బయటికి వెళ్ళాడు, కూతురు స్నేహితురాలింట్లో చదువుకుంటోంది. ఆమె అత్తగారి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, దిండు సర్దింది. తర్వాత తను స్వయంగా కొని తెచ్చిన రెండు స్ట్రిప్పులు ఆ రేకుడబ్బాలో వేసి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. చెప్పాలా వద్దా అని పది రోజులుగా కొట్టుకున్నది ఆమె ప్రాణం. కొడుకు చేసిన పని తెలిస్తే ఈ ముసలి గుండె తట్టుకోగలదా అని భయపడింది. కానీ చేయని తప్పుకు జీవితాంతం ఈ మంచం ముందు నిలబడడం తన వల్ల కాదనిపించింది.

"అత్తయ్యా, మీ మాత్రలకి నేనెప్పుడూ డబ్బు తగ్గించలేదు. ప్రతి నెలా రెండింటికీ ఇచ్చాను. షాపులో కూడా అడిగాను. కావాలంటే..."

అత్తగారు కుడిచెయ్యి కొంచెం ఎత్తి ఆగమన్నట్టు ఊపింది. "తెలుసు," అంది.

సరిగా వినలేదేమోనని ఆమె ముందుకు వంగింది.

"ఈ మంచం మీంచి... వంటిల్లు కనబడుతుంది. ఒకటో తారీఖున... నువ్వు వాడి చేతిలో డబ్బు పెట్టడం చూసేదాన్ని. రెండు అని చెప్పడం... వినేదాన్ని."

"మొదటినుంచీ తెలుసా?"

అత్తగారు తలాడించింది.

"మరి నన్నెందుకన్నారు? వదినకెందుకు అలా చెప్పారు?"

చెప్పేటప్పుడు అత్తగారి మొహంలో సిగ్గూ లేదు, కసీ లేదు. తెలిసిన సంగతి చెబుతున్న మనిషి మొహమది.

"వాడిని ఏదైనా అంటే... మొహం చాటేస్తాడు. రెండు రోజులు గదిలోకి రాడు. వాడు రాకపోతే నాకెవరున్నారు? నిన్ను ఎంతన్నా... ఏం పోయింది? నువ్వు ఎలాగూ... పొద్దున్నే లేచి అన్నం పెడతావు."

చెప్పి అలిసిపోయి కళ్ళు మూసుకుంది. పెదవి జారిన వైపు నుంచి చొంగ కారింది. ఆమె చెయ్యి అలవాటుగా తుడిచేసింది. తుడిచాక ఆ చేతివైపు చూసుకుంటూ అలాగే కూర్చుంది. ఇన్నాళ్ళూ తనను అపార్థం చేసుకున్నారనుకుంది. అపార్థమైతే ఒకరోజు తొలగిపోతుంది, ఆ ఆశ మీదే ఇంత కాలం ఈదింది. ఇక్కడ అపార్థమేమీ లేదు. అందరికీ అన్నీ సరిగ్గానే అర్థమయ్యాయి. ఎవరి మీద నింద వేస్తే ఎంత నష్టమో కొడుకూ తల్లీ ఎవరికి వారే చూసుకున్నారు, ఖర్చు లేనిచోట వేశారు. ఆ ఇంట్లో ఆమె కన్నా జాగ్రత్తగా లెక్క చూసుకున్నవాళ్ళు ఇద్దరున్నారు. ఎంత లాగినా తెగదని తెలిసిన తాడునే అందరూ లాగుతూ వచ్చారు. తెగకపోవడమే తన మంచితనమని ఆమె అనుకుంటూ వచ్చింది.

సాయంత్రం భర్త వచ్చాక ఆమె అతని ముందు ఒక కాగితం పెట్టింది. దాని మీద అత్తగారికి ఏ వేళ ఏం చెయ్యాలో రాసి ఉంది. మాత్రలు, తిండి, పక్కకు తిప్పడం, చేతికి కాలికి వ్యాయామం, బెడ్‌పాన్ ఎలా పెట్టాలి, ఎక్కడ కడగాలి. అతను చదివి, ఇదంతా నాకెందుకన్నాడు.

"రేపటి నుంచి నేను పనికి వెళ్తున్నాను. మీరు ఇంట్లో ఉండండి. ఇద్దరిలో ఎవరో ఒకరు మానెయ్యాలి కదా, తక్కువ వచ్చేవాళ్ళు మానేస్తే ఇంటికి నష్టం తక్కువ. అప్పు మీద నా సంతకం కూడా ఉంది, పద్నాలుగు నెలల్లో నేను తీర్చేస్తాను. అత్తయ్యని మీరు చూసుకోండి. మందులు ఇక నేనే తెస్తాను."

అతను నవ్వబోయాడు. ఆమె మొహం చూసి మానేశాడు. "మగాణ్ణి, ఈ పనులన్నీ నేనెలా చేస్తాను?"

"మగాడిగా చెయ్యమనలేదు. కొడుకుగా చెయ్యండి."

అతను గొంతు పెంచాడు. షోరూములో పరువన్నాడు, లోకమన్నాడు, అమ్మ సిగ్గుపడుతుందన్నాడు. చివరికి బతిమాలాడు, నాలుగు రోజులు చూసి అప్పుడు ఆలోచిద్దామన్నాడు. ఆమె మర్నాటి చీర ఇస్త్రీ చేసుకుంది. అప్పటికే ఇంటికొచ్చిన కూతురు పెట్టెల ముందు కూర్చుని పుస్తకంలోంచి తలెత్తి ఇద్దరినీ చూస్తోంది. మందుల సంగతి ఆమె పిల్లకు చెప్పలేదు. అడిగిన రోజున చెబుతాను, దాచను అనుకుంది.

సోమవారం పొద్దున ఆమెకు ఎప్పటిలా ఐదింటికే మెలకువ వచ్చింది. కిటికీలోంచి బూడిదరంగు వెలుగు వస్తోంది. కాళ్ళు వాటంతటవే కిందికి దిగబోయాయి. ఆమె వాటిని మళ్ళీ దుప్పట్లోకి లాక్కుంది. నడుం నొప్పిగా ఉంది. పక్కన భర్త గురక పెడుతున్నాడు.

పక్క గదిలోంచి మంచం కిర్రుమంది. తర్వాత అత్తగారి గొంతు వినబడింది.

"అమ్మాయ్."

ఆమె కదల్లేదు.

"అమ్మాయ్... తడిసింది."

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుంది. పళ్ళ మధ్య దుప్పటి అంచు పెట్టుకుంది. తడిబట్ట మీద పడుకున్న ఒళ్ళు ఎలా ఉంటుందో ఈ పది రోజుల్లో ఆమె చేతులకు బాగా తెలుసు. లేచి వెళ్తే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలే ఈ ఇల్లు ఇన్నేళ్ళూ ఆమె దగ్గర తీసుకున్నది. లెక్కపెట్టుకుంటూ పడుకుంది. వంద దాటింది. రెండు వందలు దాటింది. అవతలి గదిలో ఏ చప్పుడూ లేదు, ముసలామె ఊపిరి మాత్రం వినబడుతోంది. అక్కడ కూడా ఎవరో ఏదో తేల్చుకుంటున్నట్టుంది.

చాలాసేపటికి ఆ గొంతు మళ్ళీ లేచింది. ఈసారి అందులో భయం ఉంది, అలవాటు లేని దారిలో మొదటి అడుగు వేస్తున్న మనిషి భయం.

"ఒరేయ్, నాయనా," అని పిలిచింది అత్తగారు.

గురక ఆగింది.